తెరతాడు

కాన్‌స్టాంటినోపుల్, రాజప్రాసాదం.
ద్రాక్ష కోతలు ముగిసిన వారం.

అమ్మ పోయాక అమ్మవైన థెక్లా అక్కకు,

నీ ఉత్తరం గంగ్ర నుంచి కంచరగాడిదలు తోలుకొచ్చే మనిషి చేత అందింది. దానితో పాటు నువ్వు పంపిన ఉప్పు పట్టిన పంది తొడ కూడా అందింది. మా గదిలో దూలానికి వేలాడదీశాను. వచ్చేపోయేవాళ్ళు దాన్ని చూసి, మన సీమ పేరెత్తి, "పఫ్లగోనియా వాడు ఎన్నేళ్ళున్నా పఫ్లగోనియా వాడే" అని నవ్వుతున్నారు. నవ్వుతూనే తలా ఒక ముక్క కోసుకుపోతున్నారు. ఈ ఉత్తరం నీకు చేరేసరికి ఎముక మిగిలితే గొప్ప.

ఇక అసలు సంగతి. మన చర్చి కప్పు పూర్తయిందనీ, రంగులాయన ప్రధానదూత మిఖాయేలు బొమ్మ ముగించాడనీ, దాని కింద మన కుటుంబాన్ని వరసగా నిలబెట్టబోతున్నాడనీ చదివి సంతోషం పట్టలేకపోయాను. నాన్న, అమ్మ, నువ్వు, బర్దాస్ అన్న, నేను. ఆ తర్వాతి వాక్యం దగ్గర ఆగిపోయాను. గోడ మీద నాకు గడ్డం పెట్టించమని అన్న పట్టుబడుతున్నాడట. కూతురికి గుర్రపుదళం నాయకుడి ఇంటి సంబంధం కుదిరిందట. ప్రధానదూత పండుగనాడు ప్రతిష్ఠకు వియ్యాలవారు వచ్చి, పెళ్ళికూతురి బాబాయి నున్నటి ముఖం చూస్తే నవ్వుతారట. మరీ గుబురుగా అక్కర్లేదట, చిన్నది చాలట. ఎంత దయ!

వద్దక్కా. చిన్నది కూడా వద్దు.

కోపంతో రాస్తున్నానని అనుకోకు. కోపం ఉంది, కాని దాన్ని పక్కన కూర్చోబెట్టి రాస్తున్నాను. ముప్పై రెండేళ్ళుగా నేనిక్కడ ఏం చేస్తున్నానో మీకెవరికీ సరిగ్గా చెప్పలేదు. చెప్పకూడదు గనక చెప్పలేదు. ఇప్పుడు నేను కొలిచిన చక్రవర్తి పోయి రెండేళ్ళయింది, ఆయన జబ్బు సంగతి చేపల బజారులో కూడా చెప్పుకుంటున్నారు. కాబట్టి ఇక నా నోరు విప్పవచ్చు.

నేను సింహాసనం తెర కాచేవాణ్ణి. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. ఆ చక్రవర్తికి మూర్ఛ ఉండేది. ఎప్పుడొస్తుందో తెలియదు. నిండు కొలువులో, నాలుగు వందల మంది పెద్దల ముందు, శత్రుదేశపు రాయబారి ఎదుట రావచ్చు. రాబోయే ముందు ఆయన కుడిచేతి బొటనవేలు పిడికిలిలోకి ముడుచుకునేది. అంతే గుర్తు. వేలు ముడుచుకున్న క్షణాన నేను తాడు వదలాలి, తెర పడాలి. పడ్డాక లోపల మేమే ఉంటాం, గడ్డంలేని వాళ్ళం. ఆయన తల పట్టుకునేది, నోరు తుడిచేది, కిరీటం తీసి మళ్ళీ పెట్టేది మేమే. కిరీటం లేని చక్రవర్తిని గడ్డమున్నవాడు చూడకూడదు. సొంత తమ్ముడైనా, సేనాధిపతి అయినా సరే, బయట నిలబడాల్సిందే. ఆయన ఏలిన తొమ్మిదేళ్ళలో నేను పద్నాలుగు సార్లు తెర దించాను. ఒక్క గడ్డంవాడి కంట కూడా ఏమీ పడలేదు. ఆ తొమ్మిదేళ్ళలో సరిహద్దులో ఒక్క యుద్ధమూ రాలేదు. చక్రవర్తి బలహీనుడని తెలిసి ఉంటే వచ్చేదే. మెలేయడానికి నాకు మీసం లేదు కాని, ఉండి ఉంటే ఈ మాట దగ్గర మెలేసేవాణ్ణి.

ఒకసారి తప్పు చేశాను. అది కూడా చెబుతాను, లేకపోతే నేను డప్పు కొట్టుకుంటున్నానంటావు. బాగ్దాద్ రాయబారి వచ్చి సరిహద్దు కోటలు రెండు అడుగుతున్నాడు. గట్టి మనిషి, కళ్ళలో కళ్ళు పెట్టి అడుగుతున్నాడు. చక్రవర్తి బొటనవేలు లోపలికి పోయింది. నేను తాడు వదిలాను. తీరా చూస్తే ఆయన హాయిగా కూర్చుని నా వంక చూస్తున్నాడు.

"ఏమైందిరా కోస్మాస్?" అన్నాడు గుసగుసగా.

"బొటనవేలు, ప్రభూ."

ఆయన తన చేతిని చూసుకున్నాడు. "ఉంగరం బిగిసిందిరా. తిప్పుకుంటున్నానంతే."

రాయబారి మాట్లాడుతుండగా ఊరికే తెర దించడమంటే మామూలు నేరం కాదు. కట్టుబట్టలతో గెంటేస్తారు. చక్రవర్తి, "ఎటూ దించావుగా, ఆ కిరీటం కాస్త తియ్యి. పొద్దుట్నుంచి నెత్తి ఒకటే దురద," అన్నాడు. తీశాను. ఆయన కళ్ళు మూసుకుని రెండు చేతులతో గోక్కున్నాడు. అంత సుఖంగా ఉన్న చక్రవర్తిని నేను మళ్ళీ చూడలేదు.

"ఎత్తమంటారా ప్రభూ?"

"ఉండరా. బయటవాళ్ళకి కాస్త చెమటలు పట్టనీ."

తెర ఎత్తేసరికి రాయబారి ముఖంలో రక్తం లేదు. తన మాటకు చక్రవర్తికి అంత ఆగ్రహం వచ్చిందనుకున్నాడు పాపం. కోటల ఊసు మళ్ళీ ఎత్తలేదు. ఆ సాయంత్రం మా గడ్డంలేని వాళ్ళందరికీ పెద్ద అయిన కంచుకి నన్ను పిలిపించాడు. యుగేనియోస్ అని, ఎనభై దాటిన మనిషి, నన్ను పెంచినవాడు. "తప్పుగా దించానని కుమిలిపోతున్నావట. పదిసార్లు తప్పుగా దించరా, నేను చూసుకుంటాను. ఒక్కసారి ఆలస్యంగా దించావా, నేనే నీ మెడపట్టి గెంటేస్తాను," అన్నాడు. మర్నాడు మెట్ల దగ్గర ఒక సేనాధిపతి ఎదురై, "ఏమోయ్ ఉప్పుపందీ, నీకు గడ్డం ఎప్పుడొస్తుంది?" అన్నాడు. "వస్తే మీ పక్కన నిలబడాల్సి వస్తుందండీ, అందుకే రానివ్వడం లేదు," అన్నాను. ఆయన కూడా నవ్వాడు.

ఇప్పుడు అర్థమైందా అక్కా? నాకు గడ్డం వేస్తే తెర బయట నిలబెట్టినట్టే. నేను నపుంసకుణ్ణి. ఆ మాట రాయడానికి నా చెయ్యి వణకదు. ఈ నగరంలో ఆ మాట వెనక ఎంత పని ఉందో, ఎంత నమ్మకం ఉందో నాకు తెలుసు. మీరు గోడ మీద నన్ను చూసి సిగ్గుపడితే ఆ గోడే నాకు వద్దు.

ఇంకొకటి కూడా ఉంది. ఇన్నేళ్ళూ అడగలేదు, అడిగితే ఏం వింటానోనని. ఆ రోజు నేను వాకిట్లో అక్రోటు కాయలు పగలగొట్టుకుంటున్నాను. పిల్లల్ని నపుంసకులుగా చేసి ప్రాసాదానికి పంపే మనిషి గంగ్ర నుంచి వచ్చి ఉన్నాడు. నాన్న బయటికొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా!" అని అరిచాను. అన్న పందుల్ని తోలుకుని అడవికి పోయాడని తర్వాత నువ్వే చెప్పావు. ఎనిమిదేళ్ళవాణ్ణి, చలికాలమంతా దగ్గేవాణ్ణి, పిల్లపందులు కూడా నా మాట వినేవి కావు. ఈత ఈతలో ఒక బక్కది పుడుతుంది కదా, నాన్న దాన్ని ముందే వేరు చేస్తాడు కదా. నన్నూ అలాగే వేరు చేశాడని నాకు తెలుసు. తెలిసినా ఒకసారి మీ నోట వినాలని ఉంది. ఇద్దరు కొడుకులుండగా నేనే ఎందుకు? ఇది చెప్పేదాకా నేను ఆ చర్చి ప్రతిష్ఠకు రాను. గడ్డం వేస్తే అసలే రాను.

నీ తమ్ముడు,
కోస్మాస్


మన ఇల్లు,
అక్రోట్లు రాలే రోజులు.

తమ్ముడూ కోస్మాస్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చక్రవర్తి నెత్తి గోక్కున్న చోట నవ్వాను. చివరికొచ్చేసరికి పొయ్యి మీద పప్పు మాడిపోయింది, అదీ నాకు తెలియలేదు. నువ్వడిగావు కాబట్టి చెబుతాను. చెప్పాక నాకు ఉత్తరాలు రాయడం మానేసినా నేనేమీ అనను.

నాన్న ఎంచుకున్నది నిన్ను కాదురా. బర్దాస్‌ని.

నగరంలో ఉన్న మన పెదనాన్న చురుకైన పిల్లవాణ్ణి పంపమన్నాడు, ప్రాసాదంలో చోటు చూశానన్నాడు. బర్దాస్‌కి పదేళ్ళు. కీర్తనలన్నీ నోటికొచ్చు, మాటకు మాట తడుముకోకుండా చెప్పేవాడు. నిన్ను పంపే ఆలోచనే లేదు. నువ్వు నాన్నకు తోకవి. ఆయన ఎటు పోతే అటు దగ్గుకుంటూ పోయేవాడివి. "చిన్నోడు నా దగ్గరే ఉంటాడు, అక్రోటు తోట వాడిది," అని అమ్మతో అనడం నేను నా చెవులతో విన్నాను. నిన్ను బక్కపందిలా వేరు చేశాడని ఎవరన్నారు? నాన్న వేరుగా పెట్టుకున్నది తన కోసం.

ముందురోజు బర్దాస్‌కి సంగతి తెలిసింది. నా కొంగు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. నాకు పద్నాలుగేళ్ళు. వాణ్ణి అటక ఎక్కించి, నిచ్చెన తీసేసి, గడ్డి కింద దాచాను. మర్నాడు ఆ మనిషి వచ్చాడు. మధ్యాహ్నం దాకా వెతికారు. మంచు పడేలోగా కొండ దిగాలని అతను తొందరపెడుతున్నాడు. పెదనాన్న ఉత్తరంలో పేరు లేదు, "మీ పిల్లవాణ్ణి" అని మాత్రమే ఉంది. నాన్న వాకిట్లోకి వచ్చాడు. నువ్వు కాయలు పగలగొట్టుకుంటున్నావు. ఆయన నీ చెయ్యి పట్టుకోవడం నేను చూశాను. నిచ్చెన ఎక్కడుందో నాకు తెలుసు. నోరు విప్పలేదు. ముప్పై రెండేళ్ళుగా ఆ నోటితోనే అన్నం తింటున్నాను.

అడవికి పోయాడని నీతో అబద్ధం చెప్పాను. వాడు నీ తల మీదే ఉన్నాడు, అటక మీద.

వియ్యాలవారి మాట వట్టిదే. ప్రాసాదంలో బాబాయి ఉన్నాడనే వాళ్ళు ఈ సంబంధం కలుపుకుంటున్నది. నీ ముఖం చూసి నవ్వడం కాదు, ఎదురుగా నిలబడటానికే జంకుతారు. నిన్న బర్దాస్‌ని నిలదీశాను. "ఎందుకురా నీకీ గడ్డం పిచ్చి? వాడు వద్దంటున్నాడు కదా," అన్నాను. ఆఖరికి, "ఆ నున్నటి ముఖం కింద మోకాళ్ళ మీద కూర్చుని నేనేమని ప్రార్థన చెయ్యనక్కా?" అన్నాడు. వాడు రోజూ గడ్డం దువ్వుకుంటుంటే మురిసిపోతున్నాడని ఊరంతా అనుకుంటుంది. నాకు తెలుసు, వాడు అద్దంలో చూసుకోడు.

నాన్నకు చూపు బాగా తగ్గింది. మొన్న రంగులాయన వచ్చి, "మీ చిన్నబ్బాయి ముఖం ఎలా ఉంటుందండీ?" అని అడిగాడు. నాన్న చెప్పడం మొదలుపెట్టాడు. ముందు పన్ను ఒకటి ఊడి ఉంటుందన్నాడు, ఎడమ చెంప మీద అక్రోటు రసం మరక అన్నాడు. రంగులాయన బిత్తరపోయి, "నలభై ఏళ్ళ మనిషికా?" అన్నాడు. "నాకు తెలిసిన ముఖం అదే," అన్నాడు నాన్న. రంగులాయనకు పాలుపోవడం లేదు. అన్నేమో గడ్డం పెట్టమంటాడు, తండ్రేమో పసివాడి ముఖం చెబుతాడు. తడి సున్నం మీద వేసే బొమ్మ, ఆరిపోయాక మార్చడానికి ఉండదు. త్వరగా తేల్చమంటున్నాడు.

నన్ను తిట్టాలనుంటే తిట్టు. అలవాటైన నోరే కదా నీది.

అక్క,
థెక్లా


రాజప్రాసాదం,
మొదటి చలి.

నన్ను ఎత్తుకుని పెంచిన థెక్లా అక్కకు,

నాలుగు రోజులు నేనెవరితోనూ మాట్లాడలేదు. ఇక్కడ అది ఎవరికీ వింతగా అనిపించదు, మా ఉద్యోగమే మాట్లాడకపోవడం. ముసలి యుగేనియోస్ మాత్రం కనిపెట్టాడు. "ఎవరు పోయారు?" అన్నాడు. "ఎవరూ పోలేదు, ఒకరు తిరిగొచ్చారు," అన్నాను. నాన్న వెనక దగ్గుకుంటూ తిరిగిన ఆ పిల్లవాడి గురించే అన్నాను. వాణ్ణి నాన్న పారేశాడని ముప్పై రెండేళ్ళు నమ్మాను. వాడిది అక్రోటు తోట అని ఇవాళ తెలిసింది. ఏడ్చాను అక్కా, బాగా ఏడ్చాను.

ముందు నీ సంగతి తేల్చుకుందాం. నువ్వొక తమ్ముణ్ణి దాచావు. పద్నాలుగేళ్ళ పిల్లవు. ఇద్దర్నీ దాచేంత అటక మనింట్లో లేదు. ఇక ఆ మాట ఎత్తకు, అన్నం అన్నంలా తిను.

బర్దాస్ అన్న మీద కోపం రాలేదని అంటే అబద్ధం. వచ్చింది. వాడి పెళ్ళి, వాడి కూతురు, వాడి గుర్రం, అన్నీ ఒక్కొక్కటిగా కళ్ళ ముందు తిరిగాయి. నాకు రావలసినవి వాడు తీసుకుపోయాడని కాదు. నేను పిలిస్తే పలకలేదని. కాని రెండో రోజుకు ఇంకోటి కూడా కళ్ళ ముందు తిరిగింది. వాడు వచ్చి ఉంటే ఈ తాడు వాడి చేతిలో ఉండేది. తెర దించడంలో వాడు నా అంత వాడయ్యేవాడా? అయ్యేవాడు కాదు. వాడికి ఓపిక తక్కువ. నేను తొమ్మిదేళ్ళు ఒక మనిషి బొటనవేలు చూస్తూ నిలబడ్డాను. ఆ పని నాది. ఎవరో వదిలేస్తే నాకు దొరికిన ఎంగిలి కాదు. నన్ను ఇక్కడికి పంపింది ఎవరి తప్పయినా కావచ్చు, ఇక్కడ ఇంతవాణ్ణయింది మాత్రం నేనే. ఈ గర్వం నా నుంచి ఎవరూ లాక్కోవద్దు, నా మీద జాలితో కూడా.

ఇప్పుడు చెప్పేవి జాగ్రత్తగా చెయ్యి.

నాకు ఈ సంగతి తెలిసిందని అన్నకు చెప్పకు. ఒకరు సిగ్గుతో ఉన్నప్పుడు నలుగురూ చూడకుండా కాయడమే నేను నేర్చుకున్న విద్య. పరాయివాడికి చేశాను, అన్నకు చెయ్యలేనా?

నా బొమ్మకు గడ్డం వద్దు. ఆ మాటలో మార్పు లేదు. అయితే రంగులాయనను మిగతా అందరి బొమ్మలూ ముగించి, నా ముఖం మేరకు సున్నం వెయ్యకుండా ఆపమను. నేను వస్తున్నాను. ప్రధానదూత పండుగకు సెలవు అడిగాను, ఇచ్చారు. ఇన్నేళ్ళలో నేను సెలవడగడం ఇదే మొదటిసారి కాబట్టి సెలవులు రాసుకునే రాయసగాడు నా అర్జీ రెండుసార్లు చదువుకున్నాడు. నలభై ఏళ్ళ ముఖం ఎలా ఉందో రంగులాయన స్వయంగా చూసి వేస్తాడు. నాన్న చేత్తో తడిమి చూస్తాడు. పన్ను మళ్ళీ వచ్చిందని ఆయనకు నేనే చెబుతాను.

కంచరగాడిదల మనిషి చేత ఒక మూట పంపుతున్నాను. అది సింహాసనం తెర. కొత్త చక్రవర్తి కొత్త తెర కట్టించుకున్నాడు, పాతది నాకిచ్చారు. ముదురు ఎరుపు పట్టు, అంచు కాస్త మాసింది. పద్నాలుగు సార్లు పడింది, ఒకసారి తప్పుగా పడింది. బొమ్మల ముందు తెర కట్టడం ఎక్కడైనా ఉన్నదే కదా, దీన్ని నా బొమ్మ ముందు కట్టించు. తాడు మాత్రం బర్దాస్ అన్న చేతికివ్వు. పూజారికి వద్దు, నీకూ వద్దు. అన్న ప్రార్థనకు వచ్చినప్పుడు దించుకోవాలనిపిస్తే దించుకుంటాడు, ఎత్తాలనిపిస్తే ఎత్తుతాడు. ఎందుకని అడిగితే, తెర ఎవరికైనా ఒకరికి అప్పగించాలి, అది మా దగ్గర పద్ధతి అని చెప్పు.

పంది తొడ ఎముక కూడా మిగల్లేదు. వచ్చేటప్పుడు ఒట్టి చేతులతో వస్తాను, వెళ్ళేటప్పుడు రెండు కావాలి.

నీ చిన్నతమ్ముడు,
కోస్మాస్


ఇంటి నుంచి,
పండుగకు పదిరోజుల ముందు.

కోస్మాస్‌కి,

నేను ఉత్తరం రాయడం ఇదే మొదలు. నా రాత చూసి మీ ప్రాసాదంలో నవ్వుకోండి, నాకేం. కత్తి పట్టిన చేతికి కలం నిలవడం లేదు. ఈ మూడు ముక్కలకే రెండు కాగితాలు చెడగొట్టాను, అక్క తిడుతోంది.

మూట వచ్చింది. అక్క తాడు నా చేతికిచ్చి, "తెర ఎవరికైనా ఒకరికి అప్పగించాలట, అది వాళ్ళ పద్ధతట," అంది. ఆ ముఖం పెడితే అక్క అబద్ధమాడుతోందని నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. ఇంకేమీ చెప్పలేదు. చెప్పక్కర్లేదు. నాకే ఎందుకిచ్చావో అర్థమైంది.

రంగులాయనతో నేనే మాట్లాడాను. అందరివీ అయిపోయాయి. నా గడ్డం కొంచెం ఎక్కువగానే వేశాడు. నీ చోట మెడ దాకా బట్టలున్నాయి, మీ ప్రాసాదం వాళ్ళు తొడిగే తెల్లవి, పైన ముఖం మేరకు రాయి కనబడుతోంది. వచ్చి నిలబడు. ఉన్నది ఉన్నట్టు వెయ్యమన్నాను. వియ్యాలవారికి కూడా చెప్పాను, సింహాసనం తెర కాచిన మనిషి మా తమ్ముడని. వియ్యంకుడు లేచి నిలబడ్డాడు.

ఆ తెర కట్టాను. కట్టి, పైకి లాగి, తాడుని మేకుకు చుట్టి ముడేశాను. గుర్రాన్ని కట్టే ముడి, ఊరికే ఊడదు. నిన్న దాని కింద మోకాళ్ళ మీద కూర్చున్నాను. అక్కడ ఇంకా ముఖం లేదు, అయినా కూర్చున్నాను.

ఆ రోజు నువ్వు పిలిచింది నాకు వినబడింది. రెండుసార్లు పిలిచావు. ఒకసారే అనుకుంటున్నావేమో, రెండుసార్లు. నిచ్చెన లేకపోయినా దూకవచ్చు, అంత ఎత్తేమీ కాదు. పెద్దయ్యాక కొలిచి చూశాను.

గంగ్ర దారి మలుపు దాకా ఎదురొస్తాను. గుర్రం మీద రాను, నడిచే వస్తాను. దూరం నుంచి నన్ను గుర్తుపట్టలేకపోతే, పిలువు.

మీ అన్న,
బర్దాస్